ముందు భరిణె, తర్వాతే చెంబు: చిన్న మూతి కర్ర పాత్రని లోపల తొలచడం గురించి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఏడాది కిందట కర్రని తిప్పుతూ చెక్కే చిన్న లేత్ కొన్నారు. పదిహేను గిన్నెల దాకా చేశారు, బాగానే వచ్చాయి. ఇప్పుడు అంగుళం మూతి, ఆరంగుళాల ఎత్తుతో చెంబులాంటిది చేద్దామని దిగారు. రెండు ముక్కలు లోపల గీతలు పడి పాడయ్యాయి. మూడోదాంట్లో టూల్ లోపల పట్టేసింది, ముక్క దాన్ని బిగించి పట్టే చక్‌లోంచి ఊడి గోడకి తగిలింది. టూల్ నాసిరకమా, మామిడి కర్ర పనికిరాదా, లేత్ చాలదా అని మీ ప్రశ్న.

మూడిట్లో ఏదీ కాదు. ఇంకో ఐదారు వేలు పెట్టి కొత్త టూల్ కొనే ముందు ఈ సమాధానం చదవండి. నేను ముప్పై ఏళ్లు లోహం పోతపోసే ఒక ఫౌండ్రీలో ప్యాటర్న్ షాపులో పనిచేశాను. పోత అచ్చుల కోసం కర్రతో నమూనాలు తరిమెన పట్టడమే, అంటే లేత్ మీద చెక్కడమే, ఉద్యోగం. అయినా చిన్న మూతి పాత్ర మొదలుపెట్టినప్పుడు నా గతీ మీ గతే అయింది. అనుభవం ఉందన్న ధీమాతో దిగడమే నేను చేసిన తప్పు. గిన్నె పని వేరు, చెంబు పని వేరు. గిన్నెలో ఉలి మొన ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. చెంబులో కనిపించదు. చీకటి గదిలో చెయ్యి పెట్టి వెతుక్కున్నట్టు ఉంటుంది. ఆ చీకట్లో పనిచేయడం చేతికి, చెవికి అలవాటు కావాలి. దానికి కొంత సమయం పడుతుంది, కొంత కర్ర ఖర్చవుతుంది.

ముందు మీరు పంపిన ఫోటో సంగతి. టూల్ రెస్ట్, అదే టూల్ ఆనించుకునే అడ్డకడ్డీ, దాని మీద ఆనింది టూల్ వంపు భాగం. మీకు జరిగినదానికి సగం కారణం అదే. వంపు తిరిగిన టూల్‌లో మొన, కడ్డీ వరసలో ఉండదు, పక్కకి ఉంటుంది. వంపు భాగాన్ని రెస్ట్ మీద పెట్టి కోస్తే కర్ర మొనని కిందికి నొక్కుతుంది, టూల్ మొత్తం మీ చేతిలో మెలి తిరుగుతుంది. ఎంత బలంగా పట్టుకున్నా ఆగదు. వంపు అంతా మూతి లోపలికి వెళ్లి, తిన్నని భాగం రెస్ట్ మీద కూర్చున్నాకే కోత మొదలుపెట్టాలి. మూతి దగ్గర మొదటి అంగుళం వంపు టూల్‌తో చేయడం కుదరదు. అక్కడ తిన్నని టూల్ వాడండి. అందుకే ఈ పని చేసేవాళ్ల దగ్గర కనీసం రెండు టూల్స్ ఉంటాయి.

రెండో కారణం మొన ఎత్తు. గిన్నె బయటివైపు స్క్రేపర్ (గీకే టూల్) పెట్టేటప్పుడు మొన మధ్యగీత, అంటే ముక్క తిరిగే ఇరుసు, ఎత్తులోనో, ఒక పిసరు కిందో ఉంచుతారు కదా. లోపల దీనికి సరిగ్గా తలకిందులు. మధ్యగీతకి ఒక పిసరు పైన ఉంచాలి. ఎందుకో ఒక్కసారి కాగితం మీద గుండ్రం గీసి చూడండి. ఆ గుండ్రం లోపల, ఎడమ గోడకి ఆనించి ఒక చుక్క పెట్టండి. లోపల అన్నిటికంటే వెడల్పు ఉండేది మధ్యగీత దగ్గరే. చుక్క దానికి కాస్త పైన ఉంటే, కర్ర తోసినప్పుడు కిందికి జారి ఖాళీలోకి పోతుంది, కోత ఆగుతుంది. చుక్క మధ్యగీత కింద ఉంటే, ఇంకా కిందికి జారిన కొద్దీ గోడలోకి దిగబడుతుంది. మీకు వినపడిన ఆ 'దబ్' అదే. పొడవాటి టూల్ లోపలికి వెళ్లాక దాని బరువుకి, కోత ఒత్తిడికి కొంచెం వంగుతుంది కూడా. కాబట్టి లోతు పెరిగే కొద్దీ రెస్ట్ ఇంకో వెంట్రుకవాసి పైకి లేపుకోవాలి.

మూడోది కర్ర నార, అదే గ్రెయిన్. గిన్నెలకి మీరు పలక ముక్క తీసుకుని ఉంటారు, నార అడ్డంగా ఉంటుంది. చెంబుకి దుంగని నిలువుగా చక్‌లో పెట్టారు, నార మీవైపు చూస్తూ ఉంటుంది, చీపురు కట్టని కొనవైపు నుంచి చూసినట్టు. గిన్నె లోపల అంచు నుంచి మధ్యకి కోస్తాం. ఆ అలవాటు చెంబులో పనికిరాదు. నిలువు నారలో ఎప్పుడూ తక్కువ వెడల్పు నుంచి ఎక్కువ వెడల్పు వైపు కోయాలి. అడుగున అయితే మధ్య నుంచి బయటికి. మెడ కింద అయితే మెడ నుంచి పొట్టవైపు. రెండు వైపుల నుంచీ బయల్దేరినా చేరాల్సింది పొట్ట దగ్గరికే. అలా వెళ్తే, కోస్తున్న పోగు వెనక దానికంటే పొడవైన పోగు ఆసరాగా నిలబడి ఉంటుంది, కోత నున్నగా వస్తుంది. ఎదురు వెళ్తే ఆసరా లేని పోగులు చిరుగుతాయి. మీ మొదటి రెండు ముక్కల్లో అడుగున పడిన గీతలు టూల్ పదును లేక కాదు, గిన్నె అలవాటు వల్ల.

ఇక అసలు సలహా. చెంబు పక్కన పెట్టి ముందు భరిణెలు చేయండి. నవ్వకండి. కుంకుమ భరిణె చూడ్డానికి పిల్లల ఆటవస్తువులా ఉంటుంది గానీ, నిలువు నారలో లోపల తొలచడమనే చదువంతా అందులోనే ఉంది.

నాకు ఆ బుద్ధి వచ్చింది ఏటికొప్పాకలో. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది, వరాహ నది ఒడ్డు ఊరు. అక్కడి లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందరూ బొమ్మలనే చూస్తారు, నేను మాత్రం భరిణెలు చేసేవాళ్ల చేతులు చూస్తూ నిలబడిపోయాను. అంకుడు కర్ర చిన్న ముక్కని బిగించి, ముందు బయట గుండ్రం చేసి, మధ్యలో బెజ్జం దింపి, ఆ బెజ్జాన్ని బయటివైపు పెంచుకుంటూ పోతారు. మధ్య నుంచి బయటికి! ఎవరూ ఆ మాట చెప్పరు, చెప్పాల్సిన అవసరం వాళ్లకి లేదు, చిన్నప్పటి నుంచి చెయ్యి అలాగే కదులుతుంది. మూత కూర్చేటప్పుడు కొలతబద్ద పట్టరు. రెండుసార్లు మూత పెట్టి తీసి చూస్తారు, మూడోసారి 'టప్' మని కూర్చుంటుంది. ప్యాటర్న్ షాపులో వెర్నియర్ కొలసాధనం పట్టుకుని కూర్చునే నాకు అది చూసి కొంచెం సిగ్గేసింది.

మీ భరిణె రెండున్నర అంగుళాల వెడల్పు, రెండంగుళాల లోతు ఉంటే చాలు. గోడ పావు అంగుళం, మన వడ్రంగుల లెక్కలో రెండు నూళ్లు. మొదటి నాలుగు భరిణెల గోడ తిన్నగా ఉంచండి. తర్వాత నాలిగింటికి పొట్ట కొంచెం ఉబ్బించి, మూతి మాత్రం రెండంగుళాలు ఉంచండి. ఆ తర్వాత మూతి అంగుళంన్నర. ఇలా మూతి తగ్గించుకుంటూ వస్తే, ఒక రోజు మీకు తెలియకుండానే చెంబు చేస్తూ ఉంటారు. మీరు ఒకేసారి అంగుళం మూతికి వెళ్లారు. అంగుళం మూతిలో 12 మి.మీ. కడ్డీ పడుతుంది, 20 మి.మీ. కడ్డీ పట్టినా కదలదు. 12 మి.మీ. కడ్డీ రెస్ట్ దాటి నాలుగు అంగుళాల దాకా నిలకడగా ఉంటుంది. ఆరు అంగుళాలకి వెళ్తే వణకడం మొదలవుతుంది. అంటే మీరు ఎంచుకున్న కొలతే కష్టమైన కొలత. మొదటి చెంబుకి నాలుగు అంగుళాల లోతు, అంగుళంన్నర మూతి పెట్టుకోండి. అప్పుడు 16 మి.మీ. కడ్డీ కూడా హాయిగా తిరుగుతుంది.

ఈ భరిణెల్లో మొదటి ఆరింటిని దాచుకోవద్దు. చేసిన వెంటనే రంపంతో నిలువునా రెండు ముక్కలు కోయండి. ప్రాణం ఉసూరుమంటుంది, తెలుసు. కానీ గోడ ఎక్కడ మందంగా మిగిలింది, ఎక్కడ పలచబడింది, అడుగు మూలల్లో ఎంత కర్ర ఉండిపోయింది అన్నది అప్పుడే తెలుస్తుంది. దాదాపు అందరికీ ఒకే జబ్బు ఉంటుంది: మెడ కింద మందం, పొట్ట దగ్గర పలచన, అడుగు మూలలో బొప్పి. చేతికి ఎలా అనిపించింది, నిజంగా ఎలా ఉంది అని పోల్చుకోవడానికి ఇంతకంటే దారి లేదు. అమెరికాలో ఇప్పుడు లేజర్ చుక్క, కెమెరా పెట్టి మొన ఎక్కడుందో తెర మీద చూసుకుంటూ తొలిచేవాళ్లు ఉన్నారు. మంచిదే. కానీ 1970ల్లో డేవిడ్ ఎల్స్‌వర్త్ అనే ఆయన సన్న గోడ, చిన్న మూతి పాత్రలు చేసి ఈ పద్ధతికి పేరు తెచ్చినప్పుడు అవేమీ లేవు. వంపు టూల్స్ ఆయనే తయారు చేసుకున్నాడు.

మీరూ చేసుకోవచ్చు. 16 మి.మీ. ఉక్కు కడ్డీ రెండడుగులు తీసుకుని, కొసన బెజ్జం వేసి, 3/16 అంగుళాల హెచ్‌ఎస్‌ఎస్ (గట్టి కోత ఉక్కు) టూల్ బిట్ ముక్క దూర్చి, పక్క నుంచి తల లేని చిన్న స్క్రూతో (గ్రబ్ స్క్రూ) బిగించండి. ఒకటి తిన్నగా, ఇంకొకటి బిట్ 45 డిగ్రీలు పక్కకి తిరిగేలా. మెషిన్ షాపులో అరపూట పని. పిడి మాత్రం పొడుగ్గా ఉండాలి, అడుగున్నరకి తగ్గొద్దు. చంకలో ఇరికించుకుని ఒంటితో కదపాలి, మణికట్టుతో కాదు. బిట్ మొన గుండ్రంగా, చిన్నదిగా నూరండి. వెడల్పాటి మొన ఎక్కువ కర్ర పట్టుకుంటుంది, ఎక్కువ పట్టేస్తుంది.

పని వరస విషయంలో ఒక్క మాట మరిచిపోకండి. బయటి ఆకారం మొత్తం ముందే పూర్తి చేయాలి, కానీ అడుగున చక్ దగ్గర లావుగానే వదిలేయాలి. మీ ఫోటోలో అడుగు ముందే సన్నం చేసేశారు, అందుకే అంత తేలిగ్గా ఊడింది. చక్‌లో కూర్చునే బొడిపె (టెనన్) కొస చక్ అడుగుకి తగలకూడదు, బొడిపె భుజం మాత్రం చక్ దవడల మీద చక్కగా ఆనాలి. తర్వాత డ్రిల్. మధ్యలో కర్ర తిరుగుతున్నట్టే ఉంటుంది గానీ నడిబిందువు దగ్గర వేగం సున్నా, అక్కడ టూల్ కోయదు, తోస్తుంది. ఆ భాగాన్ని డ్రిల్‌తోనే తీసేయాలి. 25 మి.మీ. ఫార్స్‌నర్ బిట్ (అడుగు చదునుగా బెజ్జం వేసేది) అయితే వేగం నిమిషానికి 400 చుట్ల లోపు పెట్టి, అర అంగుళానికోసారి బయటికి లాగి పొట్టు దులపండి. బిట్ మీద రంగు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. మీరు అనుకున్న అడుగుకి అర అంగుళం పైనే ఆపండి.

తొలచడం మెట్లు మెట్లుగా చేయాలి. పైన అంగుళంన్నర గోడని చివరి మందానికి తెచ్చేశాకే కిందికి వెళ్లాలి. కింద కర్ర ఉన్నంతసేపే పై గోడకి బలం. మొత్తం డొల్ల చేసేసి, చివర్లో 'మెడ దగ్గర కొంచెం మందంగా ఉంది, ఒక్క గీత గీద్దాం' అని వెనక్కి వెళ్తే గోడ గిటార్ తీగలా మోగుతుంది, తర్వాత పగులుతుంది. నా పాత్రల్లో సగం పోయింది ఆ ఒక్క గీతకే.

వేగం గురించి రెండు మాటలు చాలు. నాలుగు అంగుళాల ముక్కకి బయట పని 1200 దాకా, లోపల 700 నుంచి 900 మధ్య. వణికితే వేగం పెంచడం కాదు, తగ్గించండి. మీ లేత్‌కి ఇది మామూలు పని. లేత్ తేలిగ్గా ఉంటే స్టాండ్ కింద రెండు ఇసక బస్తాలు వేయండి.

పొట్టు. ఇది చాలామంది పట్టించుకోరు. చిన్న మూతిలోంచి పొట్టు దానంతట అది బయటికి రాదు. లోపలే తిరుగుతూ టూల్ చుట్టూ గట్టిగా చుట్టుకుంటుంది, టూల్ బిగుసుకుంటుంది, మీకేమో కర్ర పట్టేసినట్టు అనిపిస్తుంది. పచ్చి కర్ర అయితే మరీను. ముప్పై సెకన్లకోసారి ఆపండి. మోటార్ పూర్తిగా ఆగాక, మూతి కిందికి వంచలేం కాబట్టి, కంప్రెసర్ గాలితోనో సైకిల్ పంపుతోనో ఊదండి. గాలి కొట్టేముందు ముఖం పక్కకి తిప్పుకోండి, నేను ఒకసారి తిప్పుకోలేదు.

మందం చూడ్డానికి గట్టి ఇనుప తీగని 'ప' అక్షరంలా వంచి, ఒక కాలు లోపల గోడకి, రెండోది బయట ఉంచండి. లోపలి కాలు గోడని తాకినప్పుడు బయట ఎంత సందు మిగిలిందో చూస్తే మందం తెలుస్తుంది. దీనికి తోడు చెవి. మందంగా ఉన్నప్పుడు కోత శబ్దం మొద్దుగా ఉంటుంది, గోడ పలచబడే కొద్దీ స్వరం పైకి వెళ్తుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అదే విద్య. రేడియో ఆపి పనిచేయండి. నేను పాటలు పెట్టుకుని పనిచేసిన రోజుల్లో ఎన్ని గోడలు చిల్లులు పడ్డాయో లెక్కలేదు.

కర్ర సంగతి. మామిడి చెడ్డ కర్ర కాదు, నేర్చుకునేవాళ్లకి మంచిదే. చవక, మెత్తన. కానీ త్వరగా పుచ్చుతుంది, పురుగు పడుతుంది. నిద్రగన్నేరు ఎక్కడైనా దొరుకుతుంది, రంగు బాగుంటుంది, నార మాత్రం చిక్కుముడిగా ఉంటుంది. వేప గట్టిది, నున్నగా వస్తుంది, దుమ్ము ముక్కుని మండిస్తుంది. టేకు తరిమెన పట్టడానికి అందరికీ ఇష్టం గానీ అందులోని సిలికా పదునుని తినేస్తుంది, గంటకి నాలుగుసార్లు నూరాలి. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి చాలా తేలిక, చెక్కడానికే బాగుంటుంది, ఈ పనికి కాదు. అంకుడు దొరికితే వదలొద్దు. తెల్లగా, సన్న నారతో, లేత్ మీద వెన్నలా వస్తుంది. కొన్ని ఊళ్లలో దీన్నే పాలకొడిసె అంటారు. కర్ణాటకలో చన్నపట్న బొమ్మలకీ వాడేది ఇదే కర్ర.

అడితిలో ఎండిన దుంగ అని చెప్పి అమ్మేది పైపైనే ఎండి ఉంటుంది, లోపల పచ్చి. కాబట్టి పచ్చి కర్రే అనుకుని పనిచేయడం మేలు. రెండు దార్లు ఉన్నాయి. ఒకటి, మొత్తం ఒకే రోజు 5 మి.మీ. గోడకి తెచ్చేసి వదిలేయడం. ఎండుతూ కొంచెం కోలగా వంకరపోతుంది, కానీ గోడ అన్ని చోట్లా ఒకే మందం ఉంటే పగలదు. రెండోది, గోడ మందం వెడల్పులో పదోవంతు ఉంచి మోటుగా తొలిచి, ఎండనిచ్చి, మళ్లీ చక్ ఎక్కించడం. చిన్న మూతి పాత్రకి నేను మొదటిదే చేస్తాను, రెండోసారి లోపలికి వెళ్లే ఓపిక నాకు లేదు. ఏ దారైనా దుంగ నడిబొడ్డు, ఆ బెండులాంటి చుక్క, మీ పాత్ర అడుగులో పడకుండా చూసుకోండి. పగులు అక్కడే మొదలవుతుంది. లావు దుంగని చీల్చి ఒక పక్క ముక్క తీసుకుంటే ఆ బాధ లేదు. చేశాక పాత కాగితపు సంచిలో అదే కర్ర పొట్టు కప్పి, నీడలో ఉంచండి. ఏప్రిల్, మే వడగాలుల్లో మా వైపు పచ్చి కర్ర పని నేను ముట్టుకోను. పొద్దున చేసింది సాయంత్రానికి చీలుతుంది.

జాగ్రత్తల్లో నాలుగే చెప్తాను, మిగతావి మీకు తెలిసే ఉంటాయి. కళ్లద్దాలు చాలవు, ముఖమంతా కప్పే షీల్డ్ ఉండాలి. మీ ముక్క గోడకి తగిలింది, ముఖానికి తగిలి ఉంటే? మోటార్ వేసేటప్పుడు ముక్కకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడండి. తిరుగుతున్న పాత్ర మూతిలో వేలు పెట్టొద్దు, సాండ్ పేపర్ చుట్టిన వేలైనా సరే. పుల్లకి పేపర్ చుట్టి వాడండి. పాలిష్ గుడ్డతో పెట్టొద్దు, కాగితంతో పెట్టండి. నేను పాత పంచె ముక్కతో నూనె రుద్దుతుంటే అది చుట్టుకుని చూపుడు వేలు మెలితిరిగింది. ఇప్పటికీ చలికాలంలో ఆ వేలు సరిగా మడవలేను. కాగితమైతే చిరిగిపోయేది.

పైపూత ఏం వేయాలని కూడా అడిగారు. లక్క. లేత్ మీద తిరుగుతున్న పాత్రకి లక్క కడ్డీ నొక్కితే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. దాన్ని మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఏటికొప్పాకలో రసాయన రంగుల నుంచి చెట్ల రంగులకి మళ్లీ మళ్లించడానికి కృషిచేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పసుపు, జాఫ్రా గింజల రంగులు లక్కలో కలిపితే ఎలా ఉంటాయో ఒకసారి వెళ్లి చూడండి. కానీ పచ్చి కర్ర మీద లక్క వేయకండి, తేమ లోపలే ఉండిపోయి పొరలు లేస్తుంది. పూర్తిగా ఎండాకే. చెంబు ఆకారం కదా అని నీళ్లు మాత్రం పోయొద్దు. ఎండు పూలకో, ఊరికే అల్మారాలో పెట్టుకోడానికో.

అంగుళం మూతి తప్పదు, ఇంట్లోవాళ్లకి పండక్కి చూపించాలి అనుకుంటే ఒక దొంగదారి ఉంది. భుజం దగ్గర పాత్రని అడ్డంగా కోసి, రెండు ముక్కల్నీ వెడల్పు వైపు నుంచి తొలిచి, మళ్లీ అతికించి, అతుకు మీద ఒక సన్న గాడి తీయండి. ఎవరికీ తెలియదు. కొందరు దీన్ని మోసమంటారు. నేను మా అమ్మాయి పెళ్లికి చేసిన రెండు కలశాలూ అలాంటివే.

గోడకి తగిలిన ఆ ముక్క పారేశారా? ఉంటే నిలువునా కోసి, లోపలి గోడ ఫోటో పెట్టండి. మెడ కింద మందం ఎంతుందో కొలిచి రాయండి. అది చూస్తే మీ చెయ్యి ఎటు లాగుతోందో చెప్తాను.